నెలచందాకు చలనచిత్రము

కృష్ణానదికి దక్షిణముగా, తూర్పు కనుమలకును సముద్రమునకును నడుమ నల్లరేగడి నేలలు విశాలముగా వ్యాపించియున్నవి. గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి చేలును మిరప తోటలును ఈ నేలలమీదనే కలవు. 2022లో ఈ ప్రాంతమున బాపట్ల, పల్నాడు జిల్లాలు క్రొత్తగా ఏర్పడినను పంటలు మాఱలేదు. పండించువారి శ్రమయు మాఱలేదు. మాఘ ఫాల్గుణ మాసములలో మిరపకాయల కోత ముమ్మరముగా సాగును. తెల్లవాఱుజామున పొలమునకు పోయిన కూలి స్త్రీలు ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఇల్లు చేరుదురు. పొయ్యిమీద ఎసరు కాగుచుండగా గోడప్రక్కనున్న టెలివిజన్ తెరమీద ఒక చలనచిత్రము సాగిపోవుచుండును. వంట చేయుచునే వారు దానిని కొంత చూతురు, కొంత విందురు. ఆ చిత్రము వారి యింటికి ఊరక రాలేదు. దానికి నెలనెలా చందా చెల్లుచున్నది.

చందా యను మాట పల్లెలకు క్రొత్తది కాదు. శ్రీరామనవమి పందిళ్లకును, కోటప్పకొండ తిరునాళ్లకు కట్టు ప్రభలకును, పౌరాణిక నాటకములకును ఊరివారు చందాలు వేసికొనుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ చందాలలో ఎవరెంత యిచ్చిరో, ఆ సొమ్ము దేనికి వ్యయమైనదో ఊరందఱకును తెలియును. లెక్క తప్పినచో రచ్చబండయొద్ద అడుగువారుందురు. టెలివిజన్ చందా యట్టిది కాదు. నెలకింత యని చెల్లించువారు కోట్లకొలది యున్నను, ఆ సొమ్ములో ఏ భాగము ఎవరికి చేరుచున్నదో, దానికి బదులుగా తమకేమి వచ్చుచున్నదో ఎఱిగినవారు కొలదిమందియే. ఈ చందా ఎట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, దానిలో చెల్లించువాని హక్కులేమి యను విషయము తెలిసికొనదగినది.

తొలుత చలనచిత్రము ఇంటికి వచ్చునది కాదు. జనులే దానియొద్దకు పోవలసియుండెను. ఆంధ్రదేశమున మొదట వెలసిన చలనచిత్రశాలలలో ఒకటి బెజవాడలోని మారుతీ సినిమా. దానిని పోతిన శ్రీనివాసరావు 1921లో నిర్మించెను. 1932లో ‘భక్తప్రహ్లాద’ తెలుగున తొలి మాటల చిత్రముగా ప్రదర్శింపబడినది. పట్టణములలో శాశ్వతశాలలు వెలసిన పిమ్మట పల్లెపట్టులకు డేరా సినిమాలు వచ్చెను. వీనినే టూరింగు టాకీసులనిరి. కోతలు ముగిసి చేతిలో నాలుగు రూకలాడు కాలమున ఊరి బయట డేరా లేచెడిది. నేల టిక్కెట్టు, బెంచి టిక్కెట్టు, కుర్చీ టిక్కెట్టు అని వెలలు వేఱువేఱుగా నుండెడివి. ఇసుక కుప్పచేసికొని దానిపై కూర్చుండి చూచిన నేల టిక్కెట్టువారిదే పెద్ద సంఖ్య. అక్కడి లెక్క చాల తేట. ఒక టిక్కెట్టునకు ఒక ఆట. నచ్చినచో మరునాడు మఱల కొనుట, నచ్చనిచో మానుకొనుట.

ఈ మైదానము చిత్రములను చూచుటయే కాక వానిని నిర్మించినవారిని, వానిలో నటించినవారిని గూడ దేశమునకిచ్చినది. మహానటి సావిత్రి జన్మస్థానము గుంటూరు జిల్లాలోని చిఱ్ఱావూరు. విజయా సంస్థకు ఒక స్తంభమైన చక్రపాణి తెనాలివాడు. నూటికి పైగా చిత్రములను నిర్మించిన రామానాయుడు 1936లో కారంచేడున జన్మించెను. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన ‘మాయాబజార్’ చిత్రమునకు చక్రపాణి నిర్మాతలలో ఒకడు. అందు శశిరేఖ పాత్రధారిణి సావిత్రి. ఆ చిత్రమున ‘ప్రియదర్శిని’ యను ఒక పేటిక కలదు. దాని మూత తెఱచినవారికి తమకు ప్రియమైనది అందు కానవచ్చును. దేశమున టెలివిజన్ ఇంకను అడుగిడని కాలమున ప్రేక్షకులు ఆ పేటికను చూచి ఆశ్చర్యపడిరి. మూడేండ్లు గడవకముందే అట్టి పెట్టె ఒకటి నిజముగానే వచ్చినది. కాని ఆ పెట్టెలో చూచువారికి ప్రియమైనది కనబడుటకు చాల కాలము పట్టినది.

మన దేశమున టెలివిజన్ ప్రసారములు 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగరూపమున మొదలైనవి. 1975 ఆగష్టు మొదలుకొని ఒక సంవత్సరముపాటు ఒక అమెరికా ఉపగ్రహము సాహాయ్యముతో ఆఱు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు విద్యా, వ్యవసాయ కార్యక్రమములు అందింపబడెను. ఆంధ్రప్రదేశ్ ఆ ఆఱింటిలో ఒకటి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. 1982లో రంగుల ప్రసారములు వచ్చెను. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహము అంతరిక్షమును చేరగా, మరుసటి యేట దేశమంతట చిన్న ప్రసారకేంద్రములు వరుసగా నెలకొల్పబడెను. అప్పుడు గాని టెలివిజన్ చిన్న పట్టణములకును, వానిని ఆనుకొనియున్న పల్లెలకును చేరలేదు.

ఆ కాలమున ఊరికి ఒకటియో రెండో టెలివిజన్ పెట్టెలు. చలనచిత్రము వారమునకు ఒకటియో రెండో. ఆ సాయంకాలము పెట్టెగలవారి పంచ నిండి, అరుగు నిండి, వాకిట చాపలు పఱువబడెడివి. చూచుటకు ఎవరును ఎవరికిని పైకము చెల్లించుట లేదు. ప్రభుత్వధనముచేతను, ప్రకటనల ఆదాయముచేతను ప్రసారము సాగుచుండెను. వ్యయము లేదు, కాని ఎన్నికయు లేదు. ఏ చిత్రము చూపవలెనో, ఏ దినమున చూపవలెనో దూరదర్శన్ వారే నిర్ణయింతురు. చూచువారు వేచియుండుట తప్ప చేయగలిగినది లేదు.

చిత్రములను చూచుటకు ఇంటివారు నెలచందా చెల్లించు పద్ధతి మొదట అమెరికాలో స్థిరపడినది. అచ్చట 1948 ప్రాంతమున కొండల చాటుననున్న ఊళ్లకు టెలివిజన్ తరంగములు అందకపోవుటచే, కొందఱు వర్తకులు కొండమీద పెద్ద ఆంటెన్నా నిలిపి, దానినుండి తీగలు లాగి ఇండ్లకు కలిపిరి. తీగకు నెలకింత రుసుమని వసూలు చేసిరి. కేబుల్ టెలివిజనుకు అదియే నాంది. 1972 నవంబరు 8వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రములోని విల్క్స్‌బారి పట్టణమున హోమ్ బాక్స్ ఆఫీస్ యను సంస్థ ప్రసారములు మొదలిడెను. హెచ్‌బీఓ యనగా అదియే. ఆనాడు దానికి చందాదారులు 365 మంది మాత్రమే. ప్రకటనల ఆటంకము లేకుండ చిత్రమును చూపుట దాని విశేషము. వ్యయము చందావలననే రావలెను. 1975 సెప్టెంబరు 30న ఆ సంస్థ ఉపగ్రహము ద్వారా ప్రసారము ఆరంభించి, మనీలాలో జరిగిన మహమ్మదాలీ, ఫ్రేజియర్ల ముష్టియుద్ధమును తన చందాదారులకు చూపెను. అటుపిమ్మట ఒకచోట బయలుదేఱిన చిత్రమును దేశమందలి కేబుల్ సంస్థలన్నియు ఒకేమాఱు అందుకొనుట సాధ్యమైనది.

గుంటూరు సీమకు ఈ పద్ధతి వచ్చిన తీరు వేఱు. 1980వ దశకమున వీడియో క్యాసెట్టు యంత్రములు వచ్చెను. పండుగలకు, పెండ్లిండ్లకు వీసీఆరును, టెలివిజనును అద్దెకు తెచ్చి రాత్రియంతయు మూడు నాలుగు చిత్రములు వేయించుట ఒక వేడుకగా నుండెను. ఇంతలో చురుకైన యువకులు కొందఱు ఒక ఉపాయము కనిపెట్టిరి. తమ గదిలో ఒక వీసీఆరు నుంచి, దానినుండి తీగ లాగి, వేపచెట్లమీదుగా, మిద్దెలమీదుగా ఇరుగు పొరుగు ఇండ్లకు కలిపిరి. సాయంకాలము ఒక చిత్రము, ఆదివారము రెండు. నెలకు కొంత పైకము. దేశమున పెక్కు పట్టణములందు ఇట్లే జరిగినది. కావున పల్లెవాసి కన్న తొలి చందా చిత్రప్రసారము ఏ మహానగరమునందో పుట్టినది కాదు. వీథి చివరి గదిలో పుట్టినది. అయితే అందొక దోషము కలదు. క్యాసెట్టును కొన్నంత మాత్రమున దానిని ఊరందఱకును చూపు హక్కు రాదు. ఆ చందాలో చిత్రము తీసిన నిర్మాతకు ఒక్క కాసైనను చేరలేదు.

1991లో హాంకాంగునుండి స్టార్ సంస్థ ఉపగ్రహ ప్రసారములు మొదలుపెట్టెను. 1992లో జీ టీవీ వచ్చెను. వీసీఆరు నడుపుచుండిన యువకులు మిద్దెలపై పెద్ద డిష్షులు నెలకొల్పి ఆ ప్రసారములను తమ తీగలలోనికి మరల్చిరి. తెలుగువారికి అసలైన మార్పు 1995లో కలిగినది. ఆ యేడు ఫిబ్రవరిలో జెమినీ టీవీయు, ఆగష్టులో ఈటీవీయు ప్రారంభమయ్యెను. దినదినము తెలుగు చిత్రములు ఇంటికి రాసాగెను. ఆ సంవత్సరమే పార్లమెంటు కేబుల్ టెలివిజన్ చట్టమును చేసినది. అంతవఱకు ఏ కట్టుబాటును లేక సాగిన వృత్తి, తపాలా కార్యాలయమున పేరు నమోదు చేసికొనవలసిన వృత్తిగా మాఱినది.

ఉపగ్రహము పనిచేయు విధము నిచ్చట కొంత తెలిసికొనవలెను. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహము భూమితో సమానమైన వేగమున ఒక దినమునకు ఒక చుట్టు చుట్టును. అందువలన నేలమీదివారికి అది ఆకసమున ఒక్కచోటనే నిలిచియున్నట్లు తోచును. ప్రసారకేంద్రము చిత్రమును తరంగరూపమున దానికి పంపును. ఉపగ్రహము దానిని గ్రహించి, తరంగముల తీరు మార్చి, మఱల భూమివైపునకు పంపును. ఎత్తైన గోపురముపై వెలిగించిన దీపపు వెలుగు ఊరంతయు పడినట్లు, ఆ తరంగములు దేశమంతట పడును. డిష్షు ఆ తరంగములను ఒకచోటికి చేర్చి పట్టుకొనును.

వెలుగు అందఱిమీదను పడునపుడు చందా కట్టినవానికి మాత్రమే చిత్రమును చూపుట ఎట్లు? దీనికి ఒక తాళము కావలెను. చందా ఛానెలువారు చిత్రమును పంపుటకు ముందు దానిని ఒక రహస్యక్రమమున చిందరవందర చేయుదురు. డిష్షు దానిని పట్టుకొన్నను బొమ్మ కానరాదు. ఇంటిలోని సెట్‌టాప్ బాక్సునకు ఒక సంఖ్య యుండును. చందా చెల్లిన బాక్సులకు మాత్రము తాళపుచెవి వంటి సంకేతము ప్రసారమునందే పంపబడును. ఆ సంకేతము చేరిన బాక్సు చిందరవందరయైన బొమ్మను మఱల సరిచేసి చూపును. చందా నిలిచిన నాడు సంకేతము రాదు; తెర నల్లబడును. తాళము లేనివానిని ఉచిత ఛానెళ్లనియు, తాళము వేసినవానిని పే ఛానెళ్లనియు వ్యవహరింతురు.

కాలక్రమమున కేవలము చిత్రములకే ప్రత్యేకించిన తెలుగు ఛానెళ్లు వెలసెను. తేజ టీవీ పిమ్మట జెమినీ మూవీస్ అయ్యెను. మా మూవీస్, ఈటీవీ సినిమా వచ్చెను. 2016లో జీ సినిమాలు వచ్చినది. ఇవి నడచు విధానము ఆలోచింపదగినది. నిర్మాత తన చిత్రమును టెలివిజనులో చూపు హక్కును ఒక ఛానెలుకు విక్రయించును. దీనినే శాటిలైటు హక్కు అందురు. ఛానెలు ఆ సొమ్మును ప్రకటనలవలనను, చందాలవలనను రాబట్టుకొనవలెను. కొన్న హక్కు గడువులోపల చిత్రమును ఎన్నిమాఱులు చూపిన అంత ఆదాయము. ఒకే చిత్రము నెలలో పలుమాఱులు వచ్చుటకు కారణమిదియే. అమెరికాలో చందా చెల్లించినవారు ప్రకటనల బాధను తప్పించుకొనిరి. మన దేశమున చందాయు ప్రకటనలును రెండును కలిసియే వచ్చెను. హెచ్‌బీఓ సైతము 2000లో భారతదేశమునకు వచ్చినప్పుడు ప్రకటనలతోనే ప్రసారము సాగించి, 2020 డిసెంబరులో తన ఛానెలును ఇచ్చట నిలిపివేసినది.

తీగలద్వారా పాతపద్ధతిలో ప్రసారము సాగిన దినములలో తాళము ఇంటియందు కాక కేబుల్ నిర్వాహకుని గదియందే యుండెను. ఎన్ని యిండ్లకు తీగ కలిపినదియు నిర్వాహకుడు చెప్పినదే లెక్క. మూడువందల యిండ్లనుండి వసూలు చేసి నూఱిండ్లకు మాత్రమే లెక్క చూపువారును కలరని ఛానెళ్లవారి ఫిర్యాదు. ఛానెళ్లు తమ యిష్టానుసారముగా వెలలు పెంచుచున్నవని నిర్వాహకుల ఫిర్యాదు. వారి తగవున ఒక్కొక్కప్పుడు ప్రసారమే నిలిచిపోయెడిది. ఈ నడుమ చందాదారుని మొఱ వినువారు లేరైరి. ఒక ఛానెలు చాలునన్నవాడును అన్నింటికి చెల్లింపవలసినదే.

ఈ చిక్కును విప్పుటకు ఇంటింట బాక్సు నుంచు పద్ధతిని ప్రభుత్వము తలపెట్టెను. 2003లో అది చెన్నైలో మొదలైనది. ఆ సంవత్సరమే డిష్ టీవీ, తీగతో పనిలేక చిన్న డిష్షుద్వారా నేరుగా ఇంటికి ప్రసారము నందించు సేవను ఆరంభించినది. 2004 డిసెంబరులో దూరదర్శన్ చందాలేని డిష్షు సేవను తెచ్చినది. అదియే ఇప్పటి డీడీ ఫ్రీ డిష్. 2006లో టాటా స్కై, 2007లో సన్ డైరెక్ట్ సేవలు వచ్చెను. చిన్న డిష్షున ఒక లోపము కలదు. అది పట్టు తరంగములను దట్టమైన వానమబ్బు అడ్డగించును. సముద్రతీరమున వాయుగుండము పట్టినప్పుడు తెరమీద బొమ్మ చెదరుటకు కారణమిదియే. 2011లో కేబుల్ చట్టమునకు చేసిన సవరణ ననుసరించి దేశమంతటను దశలవారీగా బాక్సులు తప్పనిసరియయ్యెను. 2012లో మహానగరములతో మొదలైన ఆ కార్యము 2017లో పల్లెలకు చేరినది.

బాక్సు వచ్చుటతో ఏ యింట ఏ ఛానెలు తెఱువవలెనో నిర్ణయించు వీలు కలిగినది. దీని నాధారము చేసికొని టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, 2017లో క్రొత్త నిబంధనలను ప్రకటించినది. అవి 2019 ఫిబ్రవరి 1 నుండి అమలయ్యెను. వాని సారమిది. ప్రతి పే ఛానెలు తన నెలవెలను విడిగా ప్రకటింపవలెను. చందాదారుడు తాను కోరిన ఛానెలును మాత్రమే విడిగా కొనవచ్చును. తీగకు లేక డిష్షుకు చెల్లింపవలసిన మూలరుసుము నూఱు ఛానెళ్లకు 130 రూపాయలు మించరాదు. దానిపై నూటికి 18 వంతున పన్ను చేర్పగా 153 రూపాయల 40 పైసలగును. 19 రూపాయల వెలగల చిత్రఛానెలు నొకదానిని కోరినచో పన్నుతో కలిపి మఱి 22 రూపాయల 42 పైసలు. 2020లో ఆ మూలరుసుమునకే ఛానెళ్ల సంఖ్యను 200కు పెంచిరి. 2024లో మూలరుసుముపై నున్న పరిమితిని ట్రాయ్ తొలగించినది. అయినను కోరినదానిని విడిగా కొను హక్కు చందాదారునికి నిలిచియే యున్నది.

హక్కు కలదు, కాని దానిని వినియోగించుకొనువారు తక్కువ. ఛానెళ్లవారు తమ ఛానెళ్లను గుంపుగా కట్టి, బొకే యను పేర, విడివిడి వెలల మొత్తముకంటె చౌకగా విక్రయింతురు. గుంటూరు మిరప యార్డు నెఱిగిన రైతుకు ఈ యుక్తి సులభముగా బోధపడును. మంచి ఎఱ్ఱని కాయలలో తాలుకాయలు కలిసిన టిక్కీని చూపి, మొత్తము మీద వెల తక్కువని చెప్పినచో, కొనువాడు చేయి పెట్టి లోపలి కాయను తీసి చూడక కొనడు. తాలును వేఱుచేసి వెల కట్టుట అక్కడి ధర్మము. బొకేలోను అట్లే. చూచునవి రెండు మూడు, చూడనివి పది. వెల తక్కువగా కనబడినను చూడని ఛానెలుకు చెల్లించినది వృథావ్యయమే. ఒక్కొక్కప్పుడు బొకేయే లాభముగా నుండవచ్చును. అది లాభమో నష్టమో లెక్కవేసి చూచినగాని తెలియదు.

ఈ లెక్క చిన్నదని తోచవచ్చును. 153 రూపాయల 40 పైసలు పండ్రెండు నెలలకు 1840 రూపాయల 80 పైసలగును. నెలజీతముగల యింట ఇది పెద్ద మొత్తము కాదు. ప్రత్తి, మిరప పండించు సీమలో ఆదాయము నెలనెలా రాదు. రైతుకు పంట అమ్మిననాడే సొమ్ము. కూలికి కలుపు, కోత కాలములందే పని. వేసవిలో పని దొరకని వారములు కలవు. చందా మాత్రము పనియున్న నెలను, లేని నెలను ఒక్కటిగనే చూచును. బడిపిల్లల పుస్తకములకును మందులకును వెచ్చింపవలసిన రూపాయలు చూడని ఛానెళ్లకు పోవుట ఆ యింటికి నిజమైన నష్టము. ఇట్టి కుటుంబములకు చందాలేని ఫ్రీ డిష్ ఒక మార్గము. కావలసిన ఒకటి రెండు ఛానెళ్లను మాత్రము విడిగా కోరుట మఱియొక మార్గము.

ఇటీవల చిత్రము ప్రయాణించు దారి మఱల మాఱినది. 2017 డిసెంబరు 27న వెలగపూడి సచివాలయమున నాటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ పథకమును జాతికి అంకితము చేసెను. విద్యుత్ స్తంభములమీదుగా గాజుతీగలు లాగి, ఒక్క తీగలోనే టెలివిజన్, ఇంటర్నెట్, టెలిఫోను మూడింటిని పల్లెలకు అందించుట దాని యుద్దేశము. ప్రారంభమున దాని కనీస చందా నెలకు 149 రూపాయలు. ఆ తీగలను ఇంటింటికి చేర్చు పని పెక్కుచోట్ల స్థానిక కేబుల్ నిర్వాహకులకే లభించెను. ఇంతలో చేతిలోని ఫోను గూడ తెరయైనది. 2016లో నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో మన దేశమునకు వచ్చెను. 2020లో తెలుగువారికై ‘ఆహా’ వెలసినది. ఆ యేట కరోనా వ్యాధిచే చిత్రశాలలు మూతపడగా, సెప్టెంబరులో ‘వి’ యను తెలుగు చిత్రము శాలల ముఖము చూడకుండనే నేరుగా ప్రైమ్ వీడియోలో విడుదలైనది. ఇట్టి సేవలలో కోరిన చిత్రమును కోరిన గడియకు చూడవచ్చును. ‘ప్రియదర్శిని’ పేటిక అరచేతిలోనికి వచ్చినట్లే. కాని దానికిని చందా కలదు. ఒక్కొక్క సేవకు ఒక్కొక్క చందా.

ఈ మార్పువలన కలిగిన మేలు తక్కువది కాదు. రాత్రివేళ పొరుగూరి చిత్రశాలకు పోలేని స్త్రీలు, మంచము దిగలేని వృద్ధులు, నడువలేని వికలాంగులు నేడు తమ యింటనే చిత్రములను చూడగలుగుచున్నారు. ఏబది అఱువది యేండ్లనాటి చిత్రములు పెట్టెలలో బూజుపట్టక మనుమల తరమునకు చేరుచున్నవి. 2010లో ‘మాయాబజార్’ రంగుల రూపమున మఱల విడుదలైనది. చిఱ్ఱావూరి బిడ్డ నటనను చిఱ్ఱావూరి పిల్లలు ఇంట కూర్చుండి చూచుచున్నారు. పోగొట్టుకొన్నదియు కొంత కలదు. డేరాలో ఊరంతయు ఒక్కమాఱు నవ్వెడిది, ఒక్కమాఱు కంట తడిపెట్టెడిది. అరుగుమీద వాడయంతయు కలిసి చూచెడిది. ఇప్పుడు ఒకే యింట నలుగురు నాలుగు తెరలు చూచుచు ఒకరి నవ్వు ఒకరికి తెలియకున్నారు. మిద్దెలమీద తీగలు లాగి జీవించిన నిర్వాహకులలో పలువురు వృత్తి తగ్గి వేఱు పనులు వెదకికొనుచున్నారు.

ఏ తెర మంచిది, ఏ తెర చెడ్డది యని తీర్పు చెప్పుట సులభము కాదు. కాని ఒక్కమాట నిశ్చయము. ఊరి నాటకమునకు చందా ఇచ్చిననాడు లెక్క అడుగుట ఎట్లు ధర్మమో, తెరకు చందా ఇచ్చిననాడును లెక్క అడుగుట అట్లే ధర్మము. ఛానెళ్ల వెలల పట్టికను చూపుమని కోరు హక్కు చందాదారునికి కలదు. బిల్లు కోరు హక్కును కలదు. అక్షరజ్ఞానము లేని తల్లిదండ్రుల యిండ్లలో ఆ పట్టికను చదువగలవారు పిల్లలే. కూడికయు, గుణకారమును, నూటికి పదునెనిమిది వంతున పన్ను కట్టుటయు నేర్చిన విద్యార్థి ఒక సాయంకాలము పలకాబలపము పట్టి, ఇంటివారు చూచునవి ఏవో, చూడనివి ఏవో వ్రాసి చూపినచో, ఆ యింటికి నెలకు కొన్ని రూపాయలు మిగులును. ఎండలో వంగి కోసిన మిరపకాయలకు వచ్చిన రూపాయలవి. వానితో కొన్న వినోదము కోరికొన్నదై యుండవలెను గాని, తెలియక నెత్తిన పడినదై యుండరాదు.